నడవడానికి... బండెక్కి!

ఆరు కిలోమీటర్లు నడవడానికి రెడీ. అరవై అడుగులు నడవమంటే మాత్రం కష్టం! జిమ్ములో మెట్లెక్కడానికి డబ్బులు కడతాం. జిమ్ముకెళ్లే మెట్లు మాత్రం ఎక్కం. మనందరిలోనూ కాస్తో కూస్తో ఉన్న ఈ చిత్రాలన్నీ ఒక్కచోట చూడాలంటే కేబీఆర్‌ పార్కు దాకా వెళ్లిరావాలి.

ఆదివారం. ఉదయం ఆరు దాటింది. లోపల చెట్ల మీద నెమళ్లు అరుస్తున్నాయి. బయట హారన్లు మోగుతున్నాయి. గేటు పక్కన ఖాళీ కోసం ఓ కారు ఆగి ఉంది. నాలుగడుగులు ముందుకెళితే కావలసినంత చోటు. అయినా కారులోని పెద్దాయనకు గేటు పక్కనే కావాలి. వెనక మూడు కార్లు ఆగాయి. ఐదు నిమిషాలకు ఎవరో బండి తీశారు. హమ్మయ్య! పెద్దాయన కారు పెట్టి దిగారు. బూట్ల లేసులు బిగించారు. చేతి వాచీలో అడుగుల లెక్క చూసుకున్నారు. ఇక నడక మొదలు!

ఆ ఐదు నిమిషాలూ నడిచి ఉంటే వాచీలో ఓ ఐదొందల అడుగులు అప్పటికే పడి ఉండేవి.

బంజారాహిల్స్‌, జూబ్లీహిల్స్‌ మధ్య దాదాపు 390 ఎకరాల అడవి ఇది. నిజాం వారసుల చిరాన్‌ ప్యాలెస్‌ ఇందులోనే ఉంది. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించి, మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టారు. చుట్టూ ఉన్న నడకదారిలో ఒక్క చుట్టు తిరిగితే దాదాపు ఆరు కిలోమీటర్లు. చెమటలు కక్కుతూ రెండు చుట్లు కొట్టేవాళ్లూ ఉన్నారు. అంటే ఇక్కడికి వచ్చేవాళ్లు బద్ధకస్తులు కారు. నడకంటే ఇష్టం ఉన్నవాళ్లే. కానీ వాళ్ల దృష్టిలో గేటు లోపల నడిచేది ఆరోగ్యం, గేటు బయట నడిచేది శ్రమ!

లిఫ్టులో వెళ్లి... మెట్లెక్కి

జూబ్లీహిల్స్‌ చెక్‌పోస్టు వైపు వెళితే ఇదే కథ ఇంకో రకంగా కనిపిస్తుంది. మూడో అంతస్తులో జిమ్ము. కింద లిఫ్టు ముందు భుజాన బ్యాగులతో నలుగురు కుర్రాళ్లు. పక్కనే మెట్లు. వాటి వంక చూసేవాళ్లు లేరు. లిఫ్టు బటన్‌ అప్పటికే వెలుగుతున్నా, వచ్చిన ప్రతివాళ్లూ ఇంకోసారి నొక్కుతున్నారు. పైకి వెళ్లగానే అందులో ఇద్దరు ఎక్కింది... మెట్లెక్కే మిషను.

వీళ్లు నయం, కనీసం వచ్చారు. జనవరి ఒకటిన ఏడాది ఫీజు కట్టి, సంక్రాంతి అరిసెలతో పాటే జిమ్మునూ మర్చిపోయేవాళ్ల సంగతేంటి? ఇది మన జబ్బే అనుకుంటే పొరపాటు. అమెరికాలో మూడు హెల్త్‌ క్లబ్బుల సభ్యుల లెక్కలను ఇద్దరు ఆర్థికవేత్తలు మూడేళ్ల పాటు పరిశీలించి, 2006లో ప్రచురించారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టినవాళ్లు సగటున వెళ్లింది నెలకు నాలుగుసార్లే. అంటే ఒక్కోసారికి 17 డాలర్లు పడింది. అదే క్లబ్బులో వెళ్లిన రోజుకే కట్టే పాసు తీసుకుంటే పది డాలర్లతో పోయేది! ఫీజు కట్టేటప్పుడు ప్రతి మనిషీ రేపటి తనను చాలా బుద్ధిమంతుడిగా ఊహించుకుంటాడు. తెల్లారి అలారం కొట్టేవేళకు మాత్రం నిన్నటి మనిషే లేస్తాడు.

రెండున్నర నిమిషాల కోసం

ఎనిమిదయ్యేసరికి పార్కు చుట్టూ ట్రాఫిక్‌ పెరుగుతుంది. సిగ్నల్‌ దగ్గర ఎర్రలైటు ఇంకా పోలేదు. వెనక నుంచి హారన్‌. ఎవరి మీద? ముందువాడి మీదా? లైటు మీదా? పచ్చలైటు పడగానే ఒక్కసారిగా దూసుకుపోయిన కుర్రాడు తర్వాతి సిగ్నల్‌ దగ్గర మళ్లీ అందరి పక్కనే కాలు ఆనించి నిలబడతాడు.

పోనీ, సిగ్నళ్లే లేవనుకుందాం. పది కిలోమీటర్ల దారి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళితే పది నిమిషాలు. 80తో వెళితే ఏడున్నర. ప్రాణాలకు తెగించి మిగిల్చుకున్నది రెండున్నర నిమిషాలు!

యూటర్న్‌ల దగ్గరా అంతే. అర కిలోమీటరు వెళ్లి తిరిగి రావాలంటే నిమిషంన్నర పడుతుంది. అది భరించలేక రాంగ్‌రూట్‌లో ఎదురొచ్చేవాళ్లు ఎందరో. ఇంటికెళ్లాక అదే మనిషి టీవీ ముందు గంటసేపు చానళ్లు మారుస్తూ కూర్చుంటాడు.

'ఇక్కడికేగా!'

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నవ్వు రానిది ఇంకొకటుంది.

జూబ్లీహిల్స్‌ పెద్దమ్మ గుడి దగ్గర కొత్త బండ్లకు పూజలు చేయించుకుంటారు. పసుపు, కుంకుమ, పూలదండ, టైరు కింద నిమ్మకాయ... అన్నీ పద్ధతిగా జరుగుతాయి. క్షేమంగా ఉండాలన్న కోరికలో తప్పేముంది? కానీ ఇంటికి బయల్దేరేటప్పుడు హెల్మెట్‌ అద్దానికి వేలాడుతూ ఉంటుంది. దూరంగా పోలీసు కనిపిస్తే తలకెక్కుతుంది. మలుపు తిరగ్గానే మళ్లీ దిగిపోతుంది. అడిగితే ఒకటే మాట... 'ఇక్కడికేగా!'

కేంద్ర రవాణాశాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు 1,68,491 మంది బలయ్యారు. అందులో హెల్మెట్‌ లేకుండా పోయినవాళ్లు 50,029 మంది. వాళ్లలో 14,337 మంది బండి నడిపినవాళ్లు కాదు, వెనక కూర్చున్నవాళ్లు. ఎవరు వాళ్లు? భార్య, తమ్ముడు, స్నేహితుడు, బజారు దాకా తోడొచ్చిన అమ్మ. హెల్మెట్‌ ఉంటే తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం, ప్రాణం పోయే ముప్పు 42 శాతం తగ్గుతుందని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు తేల్చారు.

గేటు పక్క ఖాళీ, సిగ్నల్‌ ముందు జానెడు సందు, మలుపులో పోలీసు... ఇవన్నీ కంటికి కనిపిస్తాయి. ప్రమాదం కనిపించదు. నిన్న ఏమీ కాలేదు కాబట్టి ఇవాళా కాదనిపిస్తుంది. కనిపించే జరిమానాకు భయపడే మనిషి, కనిపించని దానికి భయపడడు. చిత్రమల్లా అక్కడే ఉంది.

తొమ్మిదవుతోంది. పార్కు దగ్గరి సిగ్నల్‌ వద్ద ఓ స్కూటర్‌ ఆగింది. ముందు నిలబడ్డ ఆరేళ్ల బాబు స్కేటింగ్‌ క్లాసుకు వెళుతున్నాడు. తలకు హెల్మెట్‌, మోచేతులకు, మోకాళ్లకు ప్యాడ్లు. వెనక నాన్న తలకు ఏమీ లేదు. ఆయన హెల్మెట్‌ అద్దానికి వేలాడుతోంది. బాబు దాన్ని చేత్తో ఊపుతూ తలెత్తి అడిగాడు.

''నీకు క్లాసు లేదా నాన్నా?''

పచ్చలైటు పడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. ఆ నాన్న మాత్రం కదల్లేదు. ముందు హెల్మెట్‌ తీసి పెట్టుకున్నాడు.