ఒకే మోత, మూడు చెవులు

1970 ఫిబ్రవరికీ అక్టోబరుకీ మధ్య ఇంగ్లండ్ నుంచి మూడు రికార్డులు వచ్చాయి. బ్లాక్ సబ్బాత్ అనే బ్యాండు తన పేరే పెట్టుకున్న తొలి ఆల్బం ఒకటి, డీప్ పర్పుల్ వారి ‘ఇన్ రాక్’ ఒకటి, లెడ్ జెప్పెలిన్ వారి మూడో ఆల్బం ఒకటి. మూడు బృందాలూ 1968లో పోగైనవే. అందరూ ముప్ఫై దాటని కుర్రాళ్లే, అందరిదీ భుజాల మీద పడే జుట్టే, అందరి వెనకా గోడ కట్టినట్టు ఆంప్లిఫయర్లే. అలవాటు లేని చెవికి మూడూ ఒకే మోత. అలవాటున్న చెవి కూడా అప్పట్లో పొరబడింది. లెస్టర్ బ్యాంగ్స్ వంటి పదునైన విమర్శకుడే రోలింగ్ స్టోన్ పత్రికలో సబ్బాత్ తొలి ఆల్బంను ‘క్రీమ్’ అనే మరో బ్యాండుకు నాసిరకం నకలుగా తీసిపారేశాడు. ఆ తర్వాత హెవీ మెటల్ అనో, హార్డ్ రాక్ అనో ఒక చీటీ అతికించి ముగ్గుర్నీ ఒకే అరలో సర్దేశారు. ఈ మూడు బ్యాండ్లను విడదీసేది మోత కాదు, వేషం కాదు, ఆ చీటీ అంతకన్నా కాదు. బ్యాండు కట్టకముందు వాళ్ల చెవుల్లో ఏ సంగీతం పడింది, అందులో ఏది ఉంచుకున్నారు, ఏది వదిలేశారు అన్నదే వాళ్లను విడదీసింది. వదిలేసినదానికి కూడా ఉంచుకున్నదానికి ఉన్నంత లెక్క ఉంది.

ముందుగా ఎదురయ్యే అభ్యంతరం బలమైనదే. అందరూ బ్లూస్ నుంచే వచ్చారు కదా, మూలం ఒకటైనప్పుడు తేడా ఎక్కడిది? నిజమే. సబ్బాత్ కుర్రాళ్లు మొదట పెట్టుకున్న పేరులోనే బ్లూస్ బ్యాండ్ అన్న మాట ఉంది. జెప్పెలిన్ సంగతి చెప్పనక్కర్లేదు. ‘హోల్ లాటా లవ్’ పాట తనదేనంటూ షికాగో బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ 1985లో కోర్టుకెక్కితే చివరికి రాజీ చేసుకున్నారు. ప్రభావానికి ఇంతకంటే లిఖితపూర్వకమైన సాక్ష్యం దొరకదేమో. అయితే ఆ బ్లూస్‌ను జెప్పెలిన్ ఏం చేసిందో చూడాలి. మెంఫిస్ మిన్నీ, కాన్సాస్ జో మెకాయ్ దంపతులు 1929లో పాడిన మిసిసిపీ వరద పాట ఒకటుంది, ‘వెన్ ద లెవీ బ్రేక్స్’. జెప్పెలిన్ దాన్ని 1971లో మళ్లీ పాడింది. ఒక పాత భవనంలో మెట్లవరస కింద డ్రమ్స్ పెట్టి, మైకులు పైఅంతస్తులో వేలాడదీసి, జాన్ బోనమ్ చేత వాయించారు. రెండు గిటార్లతో నడిచిన ఇంటిపాట కొండచరియ జారినట్టయింది. అయినా గాయకుడు ఒక మాట అంటే వాద్యం బదులు చెప్పే బ్లూస్ మర్యాద మాత్రం అందులో చెక్కుచెదరలేదు. దానికి తోడు గిటారిస్టు జిమ్మీ పేజ్ చెవిలో బ్రిటిష్ జానపదం ఉంది. బర్ట్ జాన్ష్ అనే స్కాటిష్ గిటారిస్టును అతను ఎంత శ్రద్ధగా విన్నాడో తొలి ఆల్బంలోని ‘బ్లాక్ మౌంటెన్ సైడ్’ చెబుతుంది. అందులో తబలా వాయించింది విరామ్ జసానీ. అంటే మోతకు పేరుపడ్డ ఈ బ్యాండు తొలి రికార్డులోనే డ్రమ్స్ లేకుండా, తబలా పక్కన వినిపించే అకూస్టిక్ గిటారు ఉంది. 1972లో పేజ్, గాయకుడు రాబర్ట్ ప్లాంట్ బొంబాయి వచ్చి అక్కడి వాద్యకారులతో తమ పాటలు రెండు రికార్డు చేసి చూశారు. 1975 నాటి ‘కశ్మీర్’లో గిటారు మూడు లెక్కలో తిరుగుతుంటే డ్రమ్స్ నాలుగు లెక్క వదలవు. రెండూ ఎక్కడ కలుస్తాయా అని చెవి ఎదురుచూస్తుంది. (ఆ పాట పుట్టింది కశ్మీరు చూసి కాదు, మొరాకో ఎడారి దారిలో. పేరు చూసి మురిసిపోయేవాళ్లకు ఇది కొంత నిరాశే.)

సబ్బాత్ అదే బ్లూస్ నుంచి ఆ ప్రశ్నాజవాబుల్ని తీసేసింది. ఉంచుకున్నది రిఫ్‌ను, అంటే పాటంతా పట్టుకుని తిరిగే ఆ చిన్న స్వరగుచ్ఛాన్ని. బ్యాండు పేరే పేరుగా ఉన్న పాట మొదటి రిఫ్‌లో ఉన్నవి మూడే స్వరాలు. మన లెక్కలో చెప్పాలంటే షడ్జమం, తార షడ్జమం, అక్కణ్నుంచి కిందికి ప్రతిమధ్యమం. దిగి ఆ మధ్యమం మీదే నిలబడి వణుకుతుంది. పంచమం చేరుతుందేమో, ఊపిరి తీసుకుందామని చూస్తే చేరదు. ఇదే ప్రతిమధ్యమం కల్యాణిలో ఎంత నిండుగా, ఎంత వెలుతురుగా ఉంటుందో తెలుగు శ్రోతకు వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి భయం ఆ స్వరంలో లేదు, దాన్ని పెట్టిన చోటులో ఉంది. ఆ చోటు వాళ్లకు దొరికింది బ్లూస్‌లో కాదు. ఆ రోజుల్లో పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్త హోల్స్ట్ రాసిన ‘ద ప్లానెట్స్’లోని ‘మార్స్’ భాగాన్ని తాను బేస్ గిటారు మీద వాయిస్తూ ఉండేవాణ్నని, గిటారిస్టు టోనీ అయోమీ ఆ రిఫ్ కట్టింది ఆ తర్వాతేనని గీజర్ బట్లర్ చెబుతూ వచ్చాడు. ఇక డ్రమ్స్ మీదున్న బిల్ వార్డ్ జీన్ క్రూపా, బడ్డీ రిచ్‌ల జాజ్ వింటూ పెరిగినవాడు. అందుకే సబ్బాత్ పాట ఎంత బరువుగా ఉన్నా, కింద లయ కొంచెం ఊగుతూ నడుస్తుంది. తర్వాత వాళ్లను అనుకరించిన బ్యాండ్లలో చాలావాటికి ఆ బరువు అబ్బింది గానీ ఈ ఊపు అబ్బలేదు. ఆ బ్యాండ్లు ఒక పాట వింటే ఆకట్టుకుంటాయి, ఆల్బమంతా వింటే అలుపొస్తుంది.

ఇక్కడ రెండో అభ్యంతరం వస్తుంది. సబ్బాత్ ధ్వనికి కారణం ప్రభావం కాదు, ప్రమాదం అంటారు. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా, పదిహేడేళ్ల వయసులో, యంత్రం కింద పడి అయోమీ కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేయే. ప్లాస్టిక్ కరిగించి వేళ్లకు టోపీలు చేసుకున్నాడు, పలచటి తీగలు కట్టుకున్నాడు, తర్వాత తీగల బిగువు తగ్గించి శ్రుతి దించాడు. బరువు అలా వచ్చిందన్నది కథ. కథ నిజమే, కానీ అది చెప్పాల్సినంతా చెప్పదు. శ్రుతి బాగా దించింది 1971లో, మూడో ఆల్బంకు. ఆ నల్లటి ధ్వని మొదటి రెండు ఆల్బమ్‌లలో మామూలు శ్రుతిలోనే ఉంది. ఇంకో సాక్ష్యం ఆ కథలోనే దాక్కుని ఉంది. చేయి పోయిందని కుంగిపోయిన అయోమీకి ఫ్యాక్టరీ ఫోర్‌మన్ జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్లు దెబ్బతిని, మిగతా రెండింటితోనే గిటారు మీద అద్భుతాలు చేసిన జిప్సీ కళాకారుడతను. దెబ్బ దాదాపు ఒకటే. ఒకరి చేతిలో అది గాలిలో తేలే జాజ్ అయింది, మరొకరి చేతిలో ఇనుము అయింది. ఏవి వాయించలేమో చేయి చెప్పి ఉండవచ్చు. మిగిలినవాటిలో ఏది వాయించాలో చెప్పింది చెవే.

డీప్ పర్పుల్ దగ్గరికి వస్తే వాదన ఇంకా తేటపడుతుంది. ఆ బ్యాండులో ఆర్గన్ వాయించే జాన్ లార్డ్ శాస్త్రీయంగా పియానో నేర్చినవాడు. 1969లో రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి తన బ్యాండు వాయించడానికి ఒక కన్‌చెర్టో రాశాడు. మరుసటి ఏడాదే ‘ఇన్ రాక్’లో హామండ్ ఆర్గన్‌ను గిటారిస్టులు వాడే మార్షల్ ఆంప్లిఫయర్‌కు తగిలించి గిటారుతో పోటీకి దింపాడు. ఇటు గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ ‘హైవే స్టార్’ సోలోకు బాఖ్ పద్ధతి తీగల వరసను తీసుకున్నానని దాచకుండా చెప్పాడు. సబ్బాత్‌లో కూడా హోల్స్ట్ ఉన్నాడు కదా, మరి ఇదీ అదీ ఒకటేనా అని అడగవచ్చు. కాదు. సబ్బాత్ ఆ శాస్త్రీయ సంగీతం నుంచి తీసుకున్నది ఒక్క స్వరాంతరం, అది పుట్టించే గుబులు. పర్పుల్ తీసుకున్నది కదలిక. ఒక స్వరగుచ్ఛం మెట్లుమెట్లుగా ఎక్కుతూ దిగుతూ, ప్రతి మెట్టు దగ్గరా తర్వాతి మెట్టును ముందే చెప్పేస్తూ పరుగెత్తే తీరు అది. సబ్బాత్ నిలబెట్టి భయపెడుతుంది, పర్పుల్ పరుగెత్తించి ఉర్రూతలూగిస్తుంది.

ఒకే బ్యాండు మీద చేసిన ప్రయోగం లాంటిది కూడా పర్పుల్ చరిత్రలోనే దొరుకుతుంది. 1973లో గాయకుడు ఇయాన్ గిలన్, బేస్ వాయించే రోజర్ గ్లోవర్ వెళ్లిపోయారు. వాళ్ల స్థానాల్లోకి డేవిడ్ కవర్‌డేల్, గ్లెన్ హ్యూస్ వచ్చారు. గిటారు, ఆర్గన్, డ్రమ్స్ పాతవాళ్లవే, పేరూ అదే. కొత్తవాళ్లు తెచ్చినది అమెరికన్ నల్లజాతి సోల్, ఫంక్ సంగీతాల మీద మోజు. ఏడాది తిరిగేసరికి, ‘స్టార్మ్‌బ్రింగర్’ నాటికి, బ్యాండు నడకే మారిపోయింది. ఆ ఫంక్ తనకు పడదని బ్లాక్‌మోర్ 1975లో తప్పుకుని ‘రెయిన్‌బో’ పెట్టుకున్నాడు. మనుషులు మారారు కాబట్టి సంగీతం మారింది, అందులో వింతేముంది అనవచ్చు. వింత లేదు. కానీ మారినవాళ్లు తమతో తెచ్చినది మరో రకం వాయిద్యం కాదు, ఇంకా గట్టి గొంతు కూడా కాదు, తాము విన్న రికార్డులు. వెళ్లిపోయినవాడు కూడా జీతం గురించో పేరు గురించో కాదు, ఆ రికార్డుల గురించే గొడవపడి వెళ్లాడు.

అయితే ఉపశాఖల పేర్లన్నీ ఒట్టి చీటీలేనా? అలా అనడం వాటికి అన్యాయమే. మొదటి తరానికి అవి తర్వాత అతికించినవే గానీ, రెండో తరానికి అవి పుట్టిన ఇళ్లు. సబ్బాత్ నెమ్మదిని, చీకటిని పట్టుకుని డూమ్ మెటల్ అని ఒక శాఖ పుట్టాక, అందులో చేరే కుర్రాడు డూమ్ వినే డూమ్ నేర్చుకుంటాడు. అతనికి హోల్స్ట్ తెలియనక్కర్లేదు, జాజ్ అసలే తెలియనక్కర్లేదు. బ్లాక్‌మోర్‌ను ఆరాధించిన స్వీడన్ గిటారిస్టు ఇంగ్వే మాల్మ్‌స్టీన్ చేతిలో ఆ బాఖ్ వేగం ఒక ప్రత్యేక శాఖే అయింది. అక్కడ కూడా ఒకే శాఖ చీటీ ఉన్నవాళ్లను విడదీసేది మళ్లీ చెవే. మెటాలికా, స్లేయర్ రెండూ 1981లో కాలిఫోర్నియాలో పుట్టిన త్రాష్ మెటల్ బ్యాండ్లు. ఎవరి చెవిలో ఏముందో వాళ్లు మళ్లీ పాడిన ఇతరుల పాటలే చెబుతాయి. మెటాలికా 1984లో డైమండ్ హెడ్ అనే ఇంగ్లిష్ మెటల్ బ్యాండు పాట తీసుకుంది. మలుపులు తిరిగే పొడవాటి పాట అది. స్లేయర్ 1996లో ఒక ఆల్బమంతా దాదాపుగా హార్డ్‌కోర్ పంక్ పాటలతోనే నింపింది. నిమిషం, రెండు నిమిషాల్లో అరిచి ముగిసేవి అవి. వేగం ఇద్దరిదీ ఒకటే. ఒకరిది కథ చెప్పే వేగం, మరొకరిది తలుపు బద్దలుకొట్టే వేగం.

ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో చూడాలంటే 1983 నాటి ‘బోర్న్ ఎగైన్’ ఆల్బం వినాలి. డీప్ పర్పుల్ గొంతుగా పేరుపడ్డ ఇయాన్ గిలన్ ఆ ఏడాది బ్లాక్ సబ్బాత్‌లో చేరాడు. ఒకే అరలో ఉన్నవాళ్లు కదా, ఇట్టే అతుక్కోవాలి. అతుక్కోలేదు. అయోమీ రిఫ్ నేల మీద పాకుతుంటే గిలన్ గొంతు పరుగెత్తే వరసల్ని వెతుక్కుంటూ పైకి పోతుంది. ఆల్బంలో కొన్ని చోట్ల ఆ పొంతన లేకపోవడమే బాగుంటుందని ఒప్పుకోవాలి. ఆ పర్యటనలో చివరిపాటగా సబ్బాత్ పర్పుల్ వారి ‘స్మోక్ ఆన్ ద వాటర్’ వాయించేది. ఆ పాట స్వరాలు గిటారు నేర్చుకునే ఏ పిల్లవాడైనా మొదటి వారంలోనే వాయించేంత తేలిక. కానీ రెండేసి స్వరాలు జంటగా కదిలే ఆ రిఫ్‌కు అసలు రికార్డులో లార్డ్ ఆర్గన్ అంటుకుని ఉంటుంది. అయోమీ వాయించినప్పుడు స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, పాట మాత్రం సబ్బాత్‌ది అయిపోయింది.