పిట్టగోడ మీది రావి

నర్సరీలో చూడగానే ఆమె మనసు దానిమీదే పడింది. అడుగు ఎత్తు కూడా లేని జూనిపర్ బోన్సాయ్, నీలంరంగు పింగాణీ పళ్లెంలో. ఇంటి ఖర్చుల్లో మిగిల్చుకున్న డబ్బంతా పెట్టి కొని, టీవీ పక్కన పెట్టుకుంది. రోజూ నీళ్లు పోసింది. ఏప్రిల్ వచ్చేసరికి మట్టిలో తడి ఆరలేదు కానీ చెట్టు ఎండిపోయింది. చలిదేశాల మొక్క అది. శీతకాలంలో చలికి నిద్రపోవాలి, మిగతా రోజుల్లో ఆరుబయట ఎండ తగలాలి. బెజవాడలో, అదీ నాలుగు గోడల మధ్య, రెండూ లేవు. పళ్లెం అటకెక్కింది.

మరుసటేడు జూలైలో డాబా మీద బట్టలు ఆరేస్తుంటే పిట్టగోడ పగులులో జానెడు రావి మొలక కనిపించింది. ఏ పిట్టో రెట్టవేస్తే పడ్డ గింజ. గుప్పెడు మట్టి కూడా లేనిచోట పచ్చగా ఉంది. గోడ పాడవుతుందని పీకేయబోయి ఆగింది. ఇక్కడ బతికింది కుండీలో బతకదా? నీళ్లతో తడుపుతూ, స్క్రూడ్రైవర్‌తో సున్నం గీకి, వేళ్లు తెగకుండా తీసింది.

‘‘రావిచెట్టు ఇంట్లో ఉండకూడదమ్మాయ్’’ అన్నారు అత్తగారు. గుళ్లో దానికే ప్రదక్షిణలు చేసే మనిషి!

‘‘ఇంట్లో కాదత్తయ్యా, డాబా మీదే.’’

బోన్సాయ్ అన్న జపాన్ మాటకు అర్థమే పళ్లెంలో మొక్క. అయినా ఈసారి పళ్లెం జోలికి పోలేదు. మొదట్లోనే అందులో పెడితే కాండం పుల్లలా ఉండిపోతుంది. రెండు మూడేళ్లు మామూలు కుండీయే మేలు. ముతక ఇసుక, ఇటుక ముక్కలు, ఎర్రమట్టి, కాస్త మాగిన పశువుల ఎరువు. అడుగున చిల్లు. వేరూనేదాకా నీడ, తర్వాత ఎండే.

చిగురు తుంచితే పాలు కారి, కొన్నాళ్లకు పక్కనుంచి కొత్త కొమ్మలొచ్చాయి. మర్రి, జువ్వి కూడా అంతే, చేయి తిరగనివాళ్ల కత్తెరను ఓర్చుకుంటాయి. రావితో ఒక్కటే పేచీ, ఆకు పెద్దది. ఆ లెక్కన చింతే అందం. పుట్టిల్లు ఆఫ్రికా అయినా ఎప్పుడో మనదైపోయింది. చిట్టి ఆకులు రాత్రయితే ముడుచుకుంటాయి. నానబెట్టిన గింజలు రెండు ఆమె పక్క కుండీలోనే వేసింది. మాను కనిపించడానికి ఏళ్లు పడుతుంది, అది వేరే సంగతి.

నాలుగో వానాకాలంలో అటకమీది నీలం పళ్లెం దిగింది. వేళ్లు మూడోవంతు కత్తిరించి రావిని అందులోకి మార్చింది. ఇక రెండు వారాలు నీడ కావాలి. డాబా మీద నీడెక్కడ?

అత్తగారు వరండాలో తన పడక్కుర్చీ కాస్త పక్కకు జరుపుకున్నారు.

‘‘పదిహేను రోజులేగా, ఇక్కడ పెట్టమ్మాయ్.’’