నుదుటి అంకెతో తీర్పు చెప్పొద్దు

కోవిడ్ తగ్గుముఖం పట్టినా అది తెచ్చిన పరికరాల్లో రెండు మన మధ్యే ఉండిపోయాయి. ఒకటి వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్, రెండోది నుదుటికి గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ‘గన్’. మొదటిది చాలా ఇళ్లలో అల్మారాలోకి చేరింది. రెండోది మాత్రం రోజూ పనిచేస్తూనే ఉంది. ఓపీ చీటీ మీద బరువు, బీపీ పక్కన రాసే టెంపరేచర్ చాలాచోట్ల ఇప్పుడు గన్ ఇచ్చిందే. బిడ్డ ఒళ్లు వెచ్చబడితే తల్లి ముందుగా అందుకునేదీ దాన్నే. పనికొచ్చే సాధనమే, సందేహం లేదు. అయితే అది చూపే అంకె చర్మం గురించి చెప్పే సాక్ష్యం మాత్రమే. ఎక్కువ చూపితే ఆ సాక్ష్యాన్ని పట్టించుకుని, ఒంటికి తగిలించే థర్మామీటర్‌తో సరిచూడాలి. మామూలుగా చూపినప్పుడు మాత్రం, రోగి నలతగా కనిపిస్తుంటే, ఆ అంకెను నమ్మి ఊరుకోకూడదు. జ్వరం కేసులు ముదిరిపోయాక వచ్చినప్పుడు ఇంటివాళ్లు తరచూ చెప్పే మాట, “గన్‌లో నార్మలే ఉంది కదా అనుకున్నామండీ” అని. ఆ మాట వెనక ఉన్న ధీమా ఎక్కడ తప్పుతుందో వివరంగా చెప్పుకోవడం అవసరం.

ముందు పరికరం సంగతి. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడగొట్టి, ఒక్కో రంగులో థర్మామీటర్ పెట్టి చూశాడు. ఎరుపు దాటాక, కంటికి ఏమీ కనిపించని చోట పాదరసం ఇంకా పైకెక్కింది. ఆ కనిపించని కిరణాలే ఇన్‌ఫ్రారెడ్. వేడి ఉన్న ప్రతి వస్తువూ వాటిని వెదజల్లుతుంది, మన చర్మం కూడా. గన్‌లోని సెన్సర్ నుదుటి నుంచి వచ్చే ఆ కిరణాలను అందుకుని, తన సొంత వేడితో పోల్చి లెక్క కడుతుంది. అది మన మీదికి ఇన్‌ఫ్రారెడ్ కిరణాలేవీ పంపదు. కోవిడ్ రోజుల్లో ఈ గన్ వల్ల మెదడు దెబ్బతింటుందని తిరిగిన ప్రచారంలో నిజం లేదు. మామూలు గదిలో ఆరోగ్యవంతుడి నుదుటి చర్మం దాదాపు 34 డిగ్రీల సెల్సియస్, అంటే 93 ఫారన్‌హీట్ దగ్గర ఉంటుంది. కానీ తెర మీద మనకు 97, 98 కనిపిస్తాయి. ఎందుకంటే చర్మం వేడికి కొంత కలిపి, ‘నోట్లో పెడితే ఇంత ఉండవచ్చు’ అన్న అంచనాను పరికరం చూపుతుంది. ఆ కలిపే మొత్తాన్ని నుదురు పొడిగా ఉందని, మనిషి కాసేపు నీడపట్టున స్థిమితంగా ఉన్నాడని, గాలి వీయడం లేదని అనుకుని నిర్ణయించారు. ఈ షరతుల్లో ఏది తప్పినా అంచనా తప్పుతుంది, తెర మీది అంకె మాత్రం అంతే ధీమాగా కనిపిస్తుంది. నుదుటి కోసం చేసిన లెక్కను గేటు దగ్గర మణికట్టుకు వాడితే వచ్చే అంకెకు అర్థమే లేదు.

దీనికంటే లోతైన చిక్కు శరీరం తీరులోనే ఉంది. జ్వరం వచ్చేటప్పుడు మెదడులోని హైపోథాలమస్ ఒంటి వేడి ఉండాల్సిన మట్టాన్ని పెంచుతుంది. ఆ మట్టానికి చేరడానికి శరీరం వేడిని బయటికి పోనివ్వదు. చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి, కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. అప్పుడు బిడ్డ కాళ్లూ చేతులూ చల్లగా, పెదవులు పాలిపోయి, దుప్పటి కప్పమని అడుగుతూ ఉంటుంది. లోపల వేడి వేగంగా ఎక్కుతున్న ఆ సమయంలోనే చర్మం చల్లబడుతుంది. నుదుటి మీద 98 చూపిన బిడ్డకు చంకలో పెడితే 102 దాటడం ఇలాంటప్పుడు అరుదేమీ కాదు. జ్వరం దిగేటప్పుడు చెమట పడుతుంది, అది ఆరుతూ నుదుటిని చల్లబరుస్తుంది. మలేరియాలో చలి, వేడి, చెమట వరసగా వచ్చే మూడు దశల్లో మధ్యదానిలోనే గన్ సరైన మాట చెప్పే వీలు ఎక్కువ. మొదటి, చివరి దశల్లో అది తక్కువ చూపవచ్చు. ఇంటి తలుపు మీద చెయ్యి వేసి లోపల పొయ్యి ఎంత మండుతోందో చెప్పబోవడం లాంటిదే ఇది. ఒక్కోసారి కుదురుతుంది, తలుపు బిగించి ఉన్నప్పుడు మాత్రం కుదరదు.

దీనికి మన అలవాట్లు, మన ఎండలు తోడవుతాయి. జ్వరంతో ఉన్న మనిషి నుదుటి మీద మొదట పడేది తడిగుడ్డ. ఆ గుడ్డ తీసిన వెంటనే అక్కడే గన్ పెడితే కొలిచింది గుడ్డ చల్లదనాన్నే. తలనొప్పికి రాసిన బామ్, విభూతి పట్టీ, చందనం, కొబ్బరినూనె, నుదుటి మీద పడిన జుట్టు, ఇవన్నీ చర్మానికీ సెన్సర్‌కూ మధ్య నిలుస్తాయి. ఎండలో బండి మీద వచ్చి హెల్మెట్ తీసిన వాడికి జ్వరం లేకున్నా అంకె పెరుగుతుంది, ఏసీ కారు దిగిన వాడికి జ్వరం ఉన్నా తగ్గుతుంది. దూరం కూడా ముఖ్యమే. దూరం పెరిగేకొద్దీ గన్ చూసే వలయం వెడల్పవుతుంది, నుదురు దాటి జుట్టు, వెనక గోడ కూడా లెక్కలోకి వచ్చేస్తాయి. అందుకే తయారీదారు చెప్పిన కొద్ది సెంటీమీటర్ల దూరాన్నే పాటించాలి. అమెరికా ఎఫ్‌డీఏ ఈ పరికరాల వాడకానికి సాధారణంగా 16 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ వాతావరణం ఉండాలని, గన్‌ను వాడబోయే గదిలోనే 10 నుంచి 30 నిమిషాలు ముందుగా ఉంచాలని చెబుతుంది. ఏసీ గదిలోంచి తీసి మే నెల వరండాలోకి తెచ్చిన గన్ తన సొంత వేడినే సరిగ్గా పోల్చుకోలేదు. రెంటచింతలలోనో రామగుండంలోనో మధ్యాహ్నం 44 డిగ్రీలున్నప్పుడు ఆరుబయట దాన్ని వాడటమంటే అది పనిచేయని చోట పనిచేయించడమే.

ఈ తేడాలు కొద్ది డిగ్రీలే కదా అనిపించవచ్చు. అందరి విషయంలో అవి ప్రాణం మీదికి రావు. కొందరి విషయంలో వస్తాయి. మూడు నెలల లోపు పసిబిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటితే, బిడ్డ చూడటానికి బాగానే ఉన్నా వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. అక్కడ అర డిగ్రీ తేడాతోనే నిర్ణయం మారిపోతుంది. పైగా నవజాత శిశువులో రక్తానికి ఇన్‌ఫెక్షన్ సోకితే జ్వరానికి బదులు ఒళ్లు చల్లబడవచ్చు. చంకలో 97.7 కంటే తగ్గితే అది కూడా హెచ్చరికే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ నెల లోపు పిల్లలకు చంకలో పెట్టే ఎలక్ట్రానిక్ థర్మామీటర్‌నే వాడమంటుంది. వడదెబ్బ సంగతి ఇంకా తీవ్రం. 2015 మేలో వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. వడదెబ్బ తగిలిన మనిషిని తెచ్చేసరికి తల మీద నీళ్లు పోసి, ముఖం తుడిచి ఉంటారు. నుదురు చల్లగానే ఉంటుంది. లోపల 104 దాటి మెదడు, కాలేయం, కిడ్నీలు దెబ్బతింటూ ఉండవచ్చు. అప్పుడు కావాల్సింది మలద్వారంలో కొలిచే టెంపరేచర్. మాట తడబడుతున్న, మనిషిని గుర్తుపట్టలేని స్థితిలో ఉన్న రోగిని గన్ చూపిన 99 ఆధారంగా బెంచీ మీద కూర్చోబెట్టకూడదు.

సరైన అంకె కూడా మోసం చేసే సందర్భం డెంగీ. సాధారణంగా మూడు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుంది. ఇంట్లో ఊపిరి పీల్చుకునేది అప్పుడే, రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారి బీపీ పడిపోయే ప్రమాదం ఉండేదీ అప్పుడే. ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మగత, చల్లబడ్డ కాళ్లూ చేతులూ, వీటిలో ఏది కనిపించినా థర్మామీటర్ 98.4 చూపిందన్న కారణంతో ఆగకూడదు. వృద్ధుల్లో న్యుమోనియా ముదిరినా జ్వరం పెద్దగా రాకపోవచ్చు. వాళ్లలో తిండి మానేయడం, అయోమయం, ఆయాసమే ముందుగా కనిపిస్తాయి.

గుంపుల్లో జ్వరం పట్టుకునే సాధనంగా దీని చరిత్ర ఏం చెబుతోంది? 2003లో సార్స్ వచ్చినప్పుడు కెనడా విమానాశ్రయాల్లో ఇన్‌ఫ్రారెడ్ స్కానర్లు పెట్టి లక్షల మందిని చూశారు. ఆ స్కానర్లకు ఒక్క సార్స్ కేసూ దొరకలేదు. కోవిడ్ తొలినాళ్లలో చైనాలో 1,099 మంది రోగుల వివరాలు పరిశీలిస్తే, ఆస్పత్రిలో చేరే సమయానికి జ్వరం ఉన్నవారు 43.8 శాతమే. తర్వాత ఆస్పత్రిలో ఉండగా 88.7 శాతం మందికి జ్వరం వచ్చింది. న్యూయార్క్‌లో చేరిన 5,700 మందిలో మొదటి పరీక్షలో జ్వరం కనిపించింది సుమారు 31 శాతం మందిలోనే. ఇవి ఆస్పత్రిలో చేరేంత జబ్బు చేసినవారి లెక్కలు. గేటు దగ్గర నడుచుకుంటూ లోపలికి వెళ్లేవాళ్లలో జ్వరం ఉన్నవారు ఇంకా తక్కువే అనుకోవాలి. గంట క్రితం పారాసిటమాల్ వేసుకున్న మనిషిని ఏ థర్మామీటరూ పట్టుకోలేకపోవచ్చు. కాబట్టి గేటు దాటడం ఆరోగ్యానికి ధ్రువపత్రం కాదు.

ఇక్కడ తోటి వైద్యుల నుంచి న్యాయమైన అభ్యంతరమే వస్తుంది. చంకలో కొలిచేది మాత్రం లోపలి వేడా? అదీ చర్మమే కదా? నిజమే. చంకలో థర్మామీటర్ సరిగ్గా కూర్చోకపోయినా, చెయ్యి దగ్గరికి నొక్కకపోయినా తక్కువే చూపుతుంది. అయితే చంక మూసి ఉండే చోటు. గాలి, ఎండ, తడిగుడ్డ, బామ్ దాన్ని అంతగా తాకవు. తప్పు రెండింటిలోనూ ఉంది, కానీ ఒకదానిలో తప్పు చిన్నది, ఊహించదగ్గది. మరో అభ్యంతరం, మామూలు టెంపరేచరే అందరికీ ఒకటి కానప్పుడు ఇంత పట్టింపు ఎందుకని. జర్మన్ వైద్యుడు వుండర్‌లిచ్ 1868లో వేలాది రోగుల చంకలో కొలిచి 37 డిగ్రీలను ప్రమాణం చేశాడు. మన 98.6 అక్కడి నుంచి వచ్చిందే. 1992లో అమెరికాలో ఆరోగ్యవంతులను నోట్లో కొలిచి చూస్తే సగటు 98.2గా తేలింది. పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ, వయసుతో తక్కువ. ఈ వాదన నిజానికి నా మాటకే బలం. గీత అందరికీ ఒకేచోట లేనప్పుడు, ఆ గీతకు అటూ ఇటూ ఊగే పరికరం ఒక్కదాని మీదే నిర్ణయం వదలకూడదు.

ఇక రద్దీ మాట. ఓపీలో వంద మంది కూర్చుని ఉంటే ఒక్కొక్కరికీ చంకలో పెట్టి ఎదురుచూడటం కుదరదంటారు. ఒకరి నుంచి ఒకరికి జబ్బు అంటకుండా ఉండాలంటే ముట్టుకోకుండా కొలవడమే మేలంటారు. పాదరసం థర్మామీటర్ పగిలితే విషమంటారు. మూడూ నిజాలే. అందుకే గన్‌ను పారేయమనడం లేదు. వందమందినీ గన్‌తో చూడవచ్చు. ఎక్కువ చూపిన వారికి, తక్కువ చూపినా వణుకుతున్నవారికి, పసిబిడ్డలకు, ముసలివారికి, మాట తేడాగా ఉన్నవారికి, ఇంటి దగ్గర ఒళ్లు కాలిందని చెప్పినవారికి మాత్రం డిజిటల్ థర్మామీటర్ పెట్టాలి. వీరు వందలో కొద్దిమందే. పాదరసం అక్కర్లేదు, ఒక నిమిషం అటూ ఇటూలో బీప్ అనే డిజిటల్ థర్మామీటర్ చాలు. స్పిరిట్ దూదితో తుడిస్తే మరొకరికి వాడవచ్చు. జ్వరం ఎక్కుతోందా దిగుతోందా చూడాలంటే ప్రతిసారీ ఒకే పరికరంతో, ఒకేచోట కొలిచి, టైము వేసి రాసుకోవాలి. పొద్దున గన్, రాత్రి చంక అయితే ఆ రెండు అంకెలనూ పోల్చలేం.

ఇందులో తల్లి మాటకు ఇవ్వాల్సిన విలువ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తల్లి చెయ్యి డిగ్రీలు చెప్పలేదు, ఒక్కోసారి లేని జ్వరాన్ని ఉందంటుంది. కానీ రాత్రంతా బిడ్డ పక్కన పడుకున్న మనిషి ‘ఒళ్లు కాలిపోయింది డాక్టరుగారూ’ అన్నప్పుడు, ఇప్పుడు గన్‌లో 98 ఉందని ఆమె మాటను కొట్టేయడం వైద్యం కాదు. ఆమె చెబుతున్నది పన్నెండు గంటల చరిత్ర, గన్ చెబుతున్నది ఒక్క క్షణం సంగతి. బిడ్డ పాలు తాగుతోందా, ఒంటికి పోస్తోందా, పిలిస్తే చూస్తోందా, ఊపిరి వేగంగా ఉందా, ఈ నాలుగు ప్రశ్నలకూ వచ్చే జవాబుల పక్కన పెట్టి చూస్తేనే టెంపరేచర్‌కు అర్థం వస్తుంది. కేస్ షీటు మీద అంకెతో పాటు అది నుదుటిదా, చంకదా, నోటిదా అని రాయడం ప్రతి ఆస్పత్రిలో నియమం కావాలి. ఆ ఒక్క మాట ఉంటే, తర్వాత చూసే వైద్యుడు ఆ అంకెను ఎంత నమ్మాలో తనే తేల్చుకుంటాడు, అవసరమైతే మళ్లీ కొలుస్తాడు.