షెడ్డు వెనక నేల ఉసిరి

మా నాన్నకి కడుపునొప్పి మొదలై ఏడాది దాటింది. గ్యాస్ అన్నారు, అల్సర్ అన్నారు, ఎండోస్కోపీ కూడా చేశారు. చివరికి ఒక కుర్ర డాక్టరు "మీరేం పని చేస్తారండీ?" అని అడిగాడు. అంతవరకూ ఆ మాట అడిగినవాళ్లు లేరు. నాన్నది ముప్ఫై ఏళ్ల బ్యాటరీ షాపు. ఇంటి వెనక రేకుల షెడ్డులో పాత లారీ బ్యాటరీలు పగలగొట్టడం, సీసం కరిగించడం. రక్తపరీక్షలో డెసీలీటరుకి 46 మైక్రోగ్రాముల సీసం తేలింది. 5 ఉంటేనే అది ఎక్కణ్ణించి వస్తోందో వెతికి ఆపమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

"ముందు ఆ పని మానెయ్యండి, మందుల సంగతి తర్వాత" అన్నాడు డాక్టరు. నాన్న విననట్టే ఊరుకున్నాడు. అమ్మ మాత్రం మర్నాటి నుంచే నేల ఉసిరి వేళ్లతో సహా పీకి, కడిగి, నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున ఇవ్వడం మొదలుపెట్టింది. మా వైపు కామెర్లకి అదే మందు. సీసానికీ అదే అయిపోయింది.

నవ్వాను గానీ, రాత్రి ఫోన్లో వెతికితే నవ్వు ఆగింది. నేల ఉసిరి, తిప్పతీగ, మునగాకు, వెల్లుల్లి... వీటి సారాల మీద బోలెడు పరిశోధనలు. ఎలుకలకి సీసమో కాడ్మియమో పెట్టి, కొన్నిటికి ఈ సారం కూడా ఇస్తారు. ఇచ్చినవాటికి కాలేయం, కిడ్నీలు తక్కువ దెబ్బతిన్నాయని చాలావాటిలో రాశారు. సీసం మన కణాల్లో గ్లూటాథయోన్ అనే కాపలాదారుని కట్టిపడేస్తుంది. ఆకుల్లోని పాలీఫెనాల్స్ ఆ కాపలా కొంత కాస్తాయట. మనుషుల మీదా ఒకటి దొరికింది. ఇరాన్‌లో కారు బ్యాటరీ కార్మికులకి నాలుగు వారాలు వెల్లుల్లి ఇచ్చి చూశారు. డి-పెనిసిలమిన్ మాత్రలకి దీటుగా రక్తంలో సీసం తగ్గిందని 2012లో అచ్చువేశారు. ఇది చెప్పగానే అమ్మ రసంలో వెల్లుల్లి రెట్టింపు చేసింది.

కానీ ఎలుకకి సీసం పెట్టే చెయ్యీ, ఆపే చెయ్యీ ఒక్కటే. ఇన్ని రోజులని లెక్క ఉంటుంది. మా నాన్న ఎముకల్లో ముప్ఫై ఏళ్ల సీసం పేరుకుని ఉంది, పైగా రోజూ కొత్తది చేరుతోంది. గ్లాసుడు మజ్జిగ ఏపాటిది?

ఒకరోజు యథాలాపంగా అడిగాను, "ఈ మొక్కలెక్కడివమ్మా?" అని.

"మన షెడ్డు వెనకే రా. వానలకి ఎంత గుబురుగా మొలిచిందో!"

ముప్ఫై ఏళ్లుగా బ్యాటరీల యాసిడ్ నీళ్లు పారబోసిన చోటు అది.

ఆ సాయంత్రమే అమ్మకీ పరీక్ష చేయించాను. 21. నాన్న పని బట్టలు ఇన్నాళ్లూ ఉతికింది ఆవిడే మరి. తన 46కి చలించని మనిషి, ఆ కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తెల్లారి షెడ్డుకి తాళం వేశాడు.

ఆరు నెలలకి నాన్నది 29కి దిగింది. నేల ఉసిరి ఇప్పుడు మా మేనమామ చేలోంచి వస్తోంది. తగ్గింది దానివల్లేనని అమ్మ వీధంతా చెప్తోంది. "తాళం వేసినందుకు కాదూ?" అంటే, "అదీ ఉందిలే" అంటుంది.

షెడ్డులో ఇంకా మూడు క్వింటాళ్ల ప్లేట్లున్నాయి. కొంటామని వచ్చేవాళ్లంతా ఇళ్ల దగ్గరే కరిగించేవాళ్లు. నాన్న ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.