నడిచే సొరచేపను చూడబోయి

గ్లాడ్‌స్టోన్ రేవు నుంచి హెరాన్ దీవికి లాంచీలో రెండు గంటలు. ఆస్ట్రేలియా తీరానికి సుమారు 80 కిలోమీటర్ల అవతల, గ్రేట్ బారియర్ రీఫ్ దక్షిణ కొసన ఉన్న చిన్న ఇసుక దీవి అది. చెట్ల నిండా కడలి పక్షులే. నేను వెళ్లింది మాత్రం ఒక చేప కోసం.

సాయంత్రం పోటు తీశాక, పగడాల మీద కాలు పడకుండా ఇసుక వెంట నడిచాం. గైడు చెయ్యెత్తి ఆపాడు. బండ కింది నుంచి ఎపొలెట్ షార్క్ అనే ఆ సొరచేప బయటికొచ్చింది. గోధుమరంగు ఒంటినిండా చుక్కలు, రొమ్ము రెక్క వెనక తెల్ల అంచుతో పెద్ద నల్లమచ్చ. ఈదడం లేదు, నడుస్తోంది! రొమ్ము దగ్గరి రెండు రెక్కలూ పొట్ట కిందివి రెండూ నేలకానించి, బల్లిలా ఒళ్లు మెలికలు తిప్పుతూ బండెక్కి, పక్క గుంటలోకి దిగింది. వీపు నీటిపైకి తేలినా ఆగలేదు. ఇసుకలో మూతి దూర్చి పురుగుల్నీ పీతల్నీ వెతికింది. సుమారు మీటరుకు మించి పెరగదు, మనిషి జోలికి రాదు.

నన్ను ఇంత దూరం రప్పించింది దాని నడక కాదు, ఊపిరి. రాత్రి పోటు తీస్తే ఈ గుంటలు సముద్రం నుంచి తెగిపోతాయి. ఎండ లేక నాచు ఆక్సిజన్ ఇవ్వదు. ఉన్న కాస్తా అక్కడి జీవులన్నీ పీల్చేస్తాయి. అయినా ఇది అక్కడే ఉంటుంది. గుండె నెమ్మదిస్తుంది, రక్తపోటు బాగా పడిపోతుంది, మెదడు కూడా తన ఖర్చు తగ్గించుకుంటుంది. ప్రయోగాల్లో ఆక్సిజన్ లేని నీటిలో గంటసేపు ఉంచినా తట్టుకుంది. మన మెదడైతే నాలుగైదు నిమిషాలకే దెబ్బతినడం మొదలవుతుంది. ఇంతటి నేర్పు చీకటి గుంటల్లో, ఎవరి మెప్పూ లేకుండా సాగుతోందని తెలిసి నాకు ఆ చేప మీద గౌరవం కలిగింది.

ఆక్సిజన్ లేమిని ఇంతగా తట్టుకున్నా, వేడి సంగతి వేరు. ఆడది తోలుసంచుల్లాంటి గుడ్లు రెండేసి పెడుతుంది. మామూలుగా నాలుగు నెలలకు జానెడు కన్నా చిన్న పిల్ల బయటికొస్తుంది. 2021లో వెలువడిన అధ్యయనంలో 31 డిగ్రీల నీటిలో పెరిగిన పిల్లలు పచ్చసొనను త్వరగా తినేసి, ముందే గుడ్డు వీడి, చిన్నగా, నీరసంగా పుట్టాయి. తల్లి కాపలా ఉండదు. ఆ నీరసంతోనే వాటి మొదటి వేట మొదలవ్వాలి.