సర్ధానా చర్చి: బేగం చేతిలో ఉన్న ఫర్మానా

ఆర్ట్ అండ్ కల్చర్ నోట్సులో మీలో చాలామందికి సర్ధానా ఒక్క లైన్‌లోనే ఉంటుంది: "బేగం సమ్రూ, ఇండో-యూరోపియన్ శైలి, మీరట్ జిల్లా." ప్రిలిమ్స్‌కు అది సరిపోతుందేమో. మెయిన్స్‌కు మాత్రం ఆ లైన్ వెనక ఉన్న కథ కావాలి. మీరు రాజేంద్ర నగర్‌లోనో ముఖర్జీ నగర్‌లోనో ఉంటున్నట్లయితే ఆ కథ ఒక్క రోజు ప్రయాణం దూరంలో ఉంది. మీరట్ దాటి ఇరవై కిలోమీటర్లు, అంతే. ఎన్‌సీఆర్ లోపలే.

ముందు ఒక పోలిక చూద్దాం. రాజు కట్టించిన క్యాథలిక్ మఠం అనగానే ప్రపంచ చరిత్రలో మొదట గుర్తొచ్చేది స్పెయిన్‌లోని ఎస్కోరియల్. రెండో ఫిలిప్ దాన్ని 1563లో మొదలుపెట్టించాడు, 1584కి పూర్తయింది. రాజభవనం, సన్యాసుల మఠం, చర్చి, గ్రంథాలయం, రాజుల సమాధులు అన్నీ ఒకే కట్టడంలో ఉంటాయి. తన తర్వాత తన వంశమే ఏలుతుందన్న ధీమా ఉన్నవాడు కట్టించిన కట్టడం అది.

సర్ధానాలో కూడా ఇంచుమించు ఇవన్నీ ఉన్నాయి. రాజభవనం, చర్చి, సమాధి, పాదిరీలకు శిక్షణ ఇచ్చే సెమినరీ, కొంతకాలం సొంత బిషప్ కూడా. లేనిదల్లా ఆ ధీమాయే.

బేగం అసలు పేరు ఫర్జానా. చావ్రీ బజార్ నాట్యకత్తె అని చెబుతారు. వాల్టర్ రైన్‌హార్ట్ అనే కిరాయి సేనాని ఇంటికి చేరింది. అతని మారుపేరు సోంబ్రే, అదే జనం నోట సమ్రూ అయింది. 1778లో అతను చనిపోయాక సైన్యమూ జాగీరూ ఆమె చేతికి వచ్చాయి. 1781లో ఆగ్రాలో బాప్టిజం తీసుకుని జోవానా అయింది. 1788లో గోకల్‌గఢ్ దగ్గర షా ఆలంను ఆపద నుంచి తప్పించింది. 1803లో అస్సాయేలో ఆమె పటాలాలు సింధియా పక్షాన నిలిచాయి. ఆ తర్వాత ఆమె కంపెనీతో సర్దుకుంది. ఇక్కడ కాస్త ఆగండి. 1805 ఒప్పందం ప్రకారం జాగీరు ఆమె బతికున్నంత కాలమే. ఆమెకు సొంత పిల్లలు లేరు.

చర్చి కథ ఈ ఒప్పందం తర్వాతిది. 1820ల్లో ఆంటోనియో రెఘెల్లీని అనే ఇటలీ సైనికాధికారి దాన్ని కట్టాడు. ఖర్చు నాలుగు లక్షల రూపాయలని అంటారు. ముందు గ్రీకు తరహా స్తంభాల వసారా, పైన గుమ్మటాలు, వెనక రెండు పొడవాటి శిఖరాలు. లోపల తెల్ల పాలరాతి బలిపీఠం మీద రంగురాళ్లు పొదిగారు. తాజ్ మహల్ పాఠంలో మీరు చదివిన పియెత్రా దురా పనే ఇది. రోమన్ నమూనా, ఆగ్రా పనితనం. "సమ్మేళన శైలి" అని రాసి ఊరుకోకుండా ఈ రెండు ఉదాహరణలు ఇస్తే జవాబుకు బలం వస్తుంది. ఆమె పోప్‌కు డబ్బు, చర్చి చిత్రం పంపింది. చర్చికి, సెమినరీకి, పేదలకు విడివిడిగా నిధులు పెట్టింది. భక్తి లేదని నేను అనను. కానీ జాగీరు పోయినా నిలిచేది ఏదో ఆమె లెక్క వేసుకుందని నాకు అనిపిస్తుంది.

1836 జనవరి 27న ఆమె చనిపోయింది. కంపెనీ వెంటనే జాగీరు తీసేసుకుంది. దీన్ని డల్హౌసీ రాజ్య సంక్రమణ సిద్ధాంతం కింద రాయకండి. అతను గవర్నర్ జనరల్‌గా వచ్చింది 1848లో. ఇక్కడ పనిచేసింది ఆ 1805 షరతు. గుర్గావ్ వైపు ఉన్న బాద్‌షాపూర్ విషయంలో మాత్రం అది తన సొంత ఆస్తి అని వారసుడు డేవిడ్ డైస్ సోంబ్రే వాదించాడు. ఆ వ్యాజ్యం అతను చనిపోయాక కూడా నడిచింది.

ఇప్పుడు చర్చిలోని ఆమె సమాధి దగ్గరకు రండి. డేవిడ్ దాన్ని రోమ్‌లో అదామో తదోలీని చేత పాలరాతిలో చెక్కించి పంపాడు. మనిషంత ఎత్తు బొమ్మలు పదకొండు. అందరికంటే పైన సింహాసనం మీద బేగం కూర్చుని ఉంటుంది. పక్కన దుఃఖంలో ఉన్న డేవిడ్, దివాన్ రాయ్ సింగ్, అశ్వదళ అధికారి ఇనాయతుల్లా, బిషప్. హిందువు, ముస్లిం, క్రైస్తవుడు ఒకే సమాధి మీద కనిపిస్తారు. సెక్యులరిజం జవాబుకు మంచి ఉదాహరణే. కానీ నేను ఎక్కువసేపు చూసింది ఆమె కుడిచేతిని. అందులో చుట్టిన కాగితం ఒకటి ఉంది. జాగీరు ఇస్తూ మొగల్ చక్రవర్తి రాసిచ్చిన ఫర్మానా అది. ఆ రాయి సర్ధానా చేరేసరికి జాగీరు లేదు. డేవిడ్‌కు అది తెలుసు. తెలిసే చెక్కించాడు. కోర్టులో చెల్లని దస్తావేజును పాలరాతిలో దాఖలు చేసినట్టుంటుంది.

1961లో పోప్ 23వ జాన్ ఈ చర్చికి మైనర్ బసిలికా హోదా ఇచ్చాడు. నవంబరు రెండో ఆదివారం ఇక్కడ పెద్ద ఉత్సవం జరుగుతుంది, జనం కిక్కిరిసి ఉంటారు. సమాధి చుట్టూ తీరిగ్గా తిరిగి ఒక్కో బొమ్మనూ గుర్తుపట్టాలనుకుంటే ఇంకో రోజు వెళ్లండి.