ఒక చర్చి.. ఎనిమిది కిరీటాలు

ఆదివారం పొద్దున్నే మారేడ్‌పల్లి వీధుల్లోంచి నడుచుకుంటూ వెళితే చేరువలోనే సెయింట్ జాన్స్ చర్చి. 1813 నాటిది. సికింద్రాబాద్ చర్చిల్లోకెల్లా పాతది. కంటోన్మెంటులోని బ్రిటిష్ వాళ్లు ఇక్కడికే వచ్చేవారు. వాళ్ల ప్రార్థన పుస్తకంలో రాజుగారి క్షేమం కోరే ప్రార్థన ఒకటుంది. లండన్‌లో రాజు మారితే ఆ ప్రార్థనలో పేరు మారేది. 1947 దాకా అలా ఎనిమిది పేర్లు.. మూడో జార్జి మొదలు ఆరో జార్జి వరకు!

వాళ్లలో ఆడమనిషి ఒక్కరే, విక్టోరియా. 1837లో ఆమె గద్దెనెక్కింది పెదనాన్నలకు వారసులు మిగలక. ఒక్క తమ్ముడున్నా కిరీటం అతనిదే! చిత్రం ఏమిటంటే, ఆ రాణికీ తొలి సంతానం ఆడపిల్లే. అయినా 1901లో రాజ్యం దక్కింది మాత్రం ఆ పిల్ల తమ్ముడికి. ఆయనే ఏడో ఎడ్వర్డు. మన గాంధీ ఆసుపత్రికి పూర్వం ఉన్నది ఈ ఎడ్వర్డు పేరే. ఆయన అక్క మనలో ఎందరికి తెలుసు?

ఆ ఇంట ఈ పద్ధతి మారింది 2015లో. అందుకే ఇప్పుడు చార్లెట్ తన తమ్ముడు లూయీ కన్నా ముందు వరసలో ఉంది.

మరి మన సంగతి? హిందూ ఉమ్మడి కుటుంబాల్లో అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం 1985 నుంచే అమలైంది. అంటే మారేడ్‌పల్లి ఇళ్లలోని ఆడపిల్లలకు దక్కిన న్యాయం లండన్ రాజభవనం చేరడానికి మరో ముప్పై ఏళ్లు పట్టిందన్నమాట!